హర్మూజ్‌లో ఓడ ఆగితే మనకేంటి లాభం?



ఈ పేజీలో మామూలుగా, రావలసిన జీతం ఎలా రాబట్టుకోవాలో మాట్లాడుకుంటాం. ఈసారి చేతికొచ్చిన జీతం ఎటు పోతోందో మాట్లాడుకుందాం. నార్త్ యార్క్‌లో కాగితాలు నింపించుకోవడానికి మన దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరి ఫోన్లలో ఈ మధ్య ఒక కొత్త రకం పందెం కనిపిస్తోంది. అది క్రికెట్టూ కాదు, రమ్మీ కాదు. "ఇరాన్ హర్మూజ్ జలసంధిని మూసేస్తుందా, అవునా కాదా?", "యుద్ధనౌకలు ఫలానా తారీఖు లోపు అక్కడికి వెళ్తాయా, అవునా కాదా?" ఇలాంటి ప్రశ్నల మీద డాలర్లు కాస్తున్నారు. పగలంతా సైట్‌లో డ్రైవాల్ మోసి, రాత్రి ఫించ్ మీద బస్సులో కూర్చుని ఓడల వార్తలు చూసుకుంటున్నారు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఈ పందెంలో మనం ఒక్క డాలరు కూడా పెట్టకూడదు. పాపపుణ్యాల సంగతి చివర చూద్దాం. నేను బీకాం చదివినదాన్ని కాబట్టి ముందు లెక్క చూపిస్తాను, తర్వాత చట్టం, ఆ తర్వాత ఆ నీళ్ళ మీద ఉన్న మనవాళ్ళ సంగతి.

లెక్క ఎలా నడుస్తుంది

ఇలాంటి పందేలకు ప్రపంచంలో పెద్ద పేరు పాలీమార్కెట్. 2020లో న్యూయార్క్‌లో మొదలైంది. ఒక ప్రశ్న పెడతారు. "అవును" అనే షేరు, "కాదు" అనే షేరు అమ్ముతారు. మీరు చెప్పింది జరిగితే ఒక్కో షేరుకి ఒక డాలరు వస్తుంది, జరగకపోతే సున్నా. షేరు ధర 52 సెంట్లు ఉంటే, ఆ పని జరగడానికి నూటికి 52 పాళ్ళు అవకాశం ఉందని జనం అనుకుంటున్నారని అర్థం. మన ఊళ్ళలో ప్రోబో యాప్ వాడినవాళ్ళకి ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేశాక అక్కడ ప్రోబో డబ్బు ఆటలు ఆపేసింది.

ఇప్పుడు హర్మూజ్ సంగతి చూడండి. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది. జూన్ 22న అమెరికా ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసింది. జలసంధి మూసేయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానం చేసిందని అదే రోజు వార్త వచ్చింది. ఆ ఏడాదిలో మూసేస్తుందనే పందెం పాలీమార్కెట్‌లో 52 శాతం దాకా వెళ్ళిందని గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు తన నోట్‌లో రాసింది. అక్కడ నడిచే డబ్బు తక్కువ కాబట్టి ఆ అంకెను జాగ్రత్తగా చూడాలని కూడా అదే నోట్‌లో హెచ్చరించింది. రెండు రోజులు తిరక్కముందే, జూన్ 24న కాల్పుల విరమణ అయ్యింది. "అవును" ధర కుప్పకూలింది. 2025లో జలసంధి మూతపడలేదు.

దాన్ని మన కూలిలో లెక్కేద్దాం. ఆ రోజు 52 సెంట్ల చొప్పున 400 షేర్లు కొన్న మనిషి పెట్టింది 208 అమెరికన్ డాలర్లు. ఆంటారియోలో 2025 అక్టోబర్ నాటికి కనీస కూలి గంటకు 17.60 కెనడా డాలర్లు. అంటే దాదాపు 16 గంటల పని, అదీ పన్నులు కోయకముందు. ఆ డబ్బు ఇంటికి పంపితే 17 వేల రూపాయలకు పైనే. రెండు రోజుల్లో అందులో చాలా భాగం పోయింది.

"మరి గెలిస్తే?" అని అడుగుతారు. అడగాల్సిందే. గెలిచినవాడి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడగండి. మీరు కండో కడితే చివరికి ఇల్లు మిగులుతుంది. ముసలావిడకి స్నానం చేయించి అన్నం పెడితే ఆవిడకి ఆ రోజు గడుస్తుంది. ఇక్కడ ఏదీ తయారవ్వదు. ఒకడి జేబులోంచి తీసి ఇంకొకడి జేబులో వేయడమే. కోడిపందెం బరి దగ్గర కూడా ఇంతే కదా. అక్కడ కనీసం రెండు కోళ్ళూ అందరి కళ్ళ ముందే ఉంటాయి.

అవతల కూర్చున్నది ఎవరు

ఇది ఆలోచించకుండానే చాలామంది డబ్బు పెడుతున్నారు. మీరు "కాదు" కొన్నారంటే, అవతల "అవును" కొన్నవాడు ఒకడున్నాడు. వాడికి మీకంటే ఎక్కువ తెలిసి ఉంటే?

2026 జనవరి మొదట్లో అమెరికా సేనలు వెనిజులా అధ్యక్షుడు మదురోను పట్టుకెళ్ళాయి. దానికి కొద్దిగా ముందు, ఈ మధ్యే తెరిచిన ఒక ఖాతా పాలీమార్కెట్‌లో మదురో పదవి పోతుందని 30 వేల డాలర్లకు పైగా కాసి, 4 లక్షల డాలర్లకు పైగా లాభం తీసుకుందని వార్తా సంస్థలు రాశాయి. ఆ ఖాతా వెనకాల ఎవరున్నారన్న ప్రశ్న అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్ళింది. యుద్ధం మీద పందెం అంటే ఇదీ పరిస్థితి. ఓడ ఎప్పుడు కదులుతుందో ఆజ్ఞ ఇచ్చే గదిలో ఉన్నవాళ్ళకి తెలుసు. వాళ్ళ చుట్టాలకీ స్నేహితులకీ తెలిసే అవకాశం ఉంది. నార్త్ యార్క్ బేస్‌మెంట్‌లో టీవీ చూసే మనకి తెలిసే అవకాశం లేదు.

"నేను ఓడల మ్యాప్ చూసి కాస్తున్నాను, గాల్లో రాయి విసరడం లేదు" అని ఒక తమ్ముడు నాతో వాదించాడు. ఓడలు తాము ఎక్కడున్నామో రేడియో సంకేతాలు పంపుతుంటాయి, ఆ మ్యాపు ఎవరైనా చూడొచ్చు, నిజమే. కానీ ఆ జూన్‌లో హర్మూజ్ చుట్టుపక్కల ఆ సంకేతాలనే చెడగొట్టారు. ఫ్రంట్ ఈగిల్ అనే చమురు ఓడ సముద్రంలో ఉండగానే ఇరాన్ నేల మీద ఉన్నట్టు మ్యాపులో కనిపించింది. జూన్ 17న అదే ఓడ, అడాలిన్ అనే ఇంకో ఓడ గుద్దుకుని మంటలు లేచాయి. అడాలిన్‌లోని 24 మందిని ఎమిరేట్స్ తీరరక్షక దళం కాపాడింది. పక్కనే ఉన్న నావికులే కష్టపడాల్సి వచ్చిన చోట, పది వేల కిలోమీటర్ల దూరం నుంచి ఫోన్‌లో చూసే మ్యాపుని నమ్మి జీతం పెట్టడం ఏం తెలివి?

ఇంకో సంగతి. మీరు చెప్పిందే జరిగినా డబ్బు వస్తుందని గ్యారంటీ లేదు. "మూసేయడం" అంటే ఏంటి? ఒక్క ఓడ కూడా పోకపోవడమా, సగం ఓడలు ఆగడమా, ప్రభుత్వం ప్రకటించడమా? అది పందెం కింద చిన్న అక్షరాల్లో రాసిన నిబంధన తేలుస్తుంది. 2025 జూన్‌లో ఇలాగే ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ "సూటు వేసుకుంటాడా" అని కోట్ల డాలర్ల పందెం నడిచింది. హేగ్‌లో నాటో సమావేశానికి ఆయన వేసుకొచ్చింది సూటే అని పత్రికలు రాశాయి. చివరికి "కాదు" అని తేల్చారు. తగాదా వస్తే యూఎంఏ అనే క్రిప్టో టోకెన్లు ఉన్నవాళ్ళు ఓటేసి తీర్పు చెప్తారు. టోకెన్లు ఎక్కువ ఉన్నవాడికి ఓట్లు ఎక్కువ. మేస్త్రీ కూలి ఎగ్గొడితే లేబర్ మినిస్ట్రీ దగ్గరికి వెళ్ళొచ్చు. ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్తారు?

బీమా వేరు, పందెం వేరు

"కంపెనీలు కూడా ఇదే చేస్తాయి కదా, ఓడలకి యుద్ధ బీమా తీసుకోవట్లేదా" అనేది ఇంకో వాదన. ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. బీమాలో కూడా డబ్బు కడతాం, చెడు జరిగితే డబ్బు వస్తుంది. కానీ ఓడ యజమానికి ఓడ ఉంది. అది మునిగితే అతనికి నష్టం. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికే బీమా. మీకు ఓడ లేదు, సరుకు లేదు. ఓడ మునిగితే మీకు నష్టం లేదు, లాభం మాత్రమే ఉంది.

ఈ తేడా కొత్తగా కనిపెట్టింది కాదు. ఒకప్పుడు లండన్‌లో జనం తమకి ఏ సంబంధమూ లేని ఓడల మీద బీమా కట్టి, అవి ఎప్పుడు మునుగుతాయా అని ఎదురుచూసేవాళ్ళు. బ్రిటిష్ పార్లమెంటు 1745 నాటి చట్టంతో ఆ పద్ధతిని నిషేధించింది. ఓడలో గానీ సరుకులో గానీ నీకు భాగం ఉంటేనే బీమా అన్నారు. మన దేశంలో 1963 నాటి సముద్ర బీమా చట్టం కూడా పందెంలా చేసుకున్న బీమా చెల్లదని చెప్తుంది. బీకాంలో బిజినెస్ లా చదివినవాళ్ళకి 1872 కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ గుర్తుండే ఉంటుంది: పందెం ఒప్పందం చెల్లదు, గెలిచానని కోర్టుకెళ్ళి వసూలు చేసుకోలేవు. 280 ఏళ్ళ కింద వద్దనుకున్న పనిని ఇప్పుడు ఫోన్‌లో పెట్టి "భవిష్యత్తును అంచనా వేయడం" అని పేరు మార్చారు.

ఆంటారియో చట్టం ఏం చెప్తుంది

కెనడాలో 2017 డిసెంబర్ నుంచి ఒక నిబంధన ఉంది. 30 రోజుల లోపు తేలిపోయే ఇలాంటి అవును-కాదు పందేలను, బైనరీ ఆప్షన్లు అంటారు, మామూలు మనుషులకి అమ్మకూడదు. ఆంటారియోలో దాన్ని అమలు చేసేది ఆంటారియో సెక్యూరిటీస్ కమిషన్. పాలీమార్కెట్ నడిపే కంపెనీలు ఇక్కడివాళ్ళకి ఈ పందేలు అమ్మాయని కమిషన్ కేసు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. కంపెనీలు 2 లక్షల డాలర్ల జరిమానా కట్టడానికి, ఆంటారియో వాళ్ళని లోపలికి రానివ్వకుండా ఉండటానికి ఒప్పుకున్నాయి. అంతకు ముందు 2022 జనవరిలో అమెరికాలో కూడా పాలీమార్కెట్ 14 లక్షల డాలర్ల జరిమానా కట్టింది.

అయినా మనవాళ్ళు ఎలా ఆడుతున్నారు? విపిఎన్ వేసుకుని వేరే దేశంలో ఉన్నట్టు చూపించి, క్రిప్టో కొని, అందులో వేస్తున్నారు. కొందరు నేరుగా కాకుండా మధ్యలో ఒక "అన్న"కి క్యాష్ ఇస్తున్నారు, ఆయన తన ఖాతాలో కాస్తున్నాడట. ఈ రెండు దారుల్లోనూ మీ పేరు మీద ఒక్క కాగితం ముక్క ఉండదు. ఖాతా ఆగిపోతే అడగడానికి మీరు అసలు ఆంటారియోలో ఉన్నట్టే చెప్పలేదు. ఆ అన్న ఫోన్ ఎత్తకపోతే ఇచ్చినట్టు రుజువు లేదు.

టీవీలో, బస్సుల మీద బెట్టింగ్ ప్రకటనలు చూసి ఇక్కడ అన్నీ చట్టబద్ధమే అనుకోకండి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆంటారియోలో కొన్ని ప్రైవేటు కంపెనీలకి ఆన్‌లైన్ జూదానికి లైసెన్సులిచ్చారు. వాటిలో ఆడమని నేను చెప్పడం లేదు. కానీ అక్కడ ఫిర్యాదు చేయడానికి ఒక దారి ఉంది, "నన్ను రానివ్వకండి" అని మీకు మీరే తలుపు వేసుకునే ఏర్పాటు ఉంది. విపిఎన్ దారిలో అవేవీ లేవు.

ఆ నీళ్ళ మీద ఎవరున్నారు

ఇప్పుడు అసలు మాట. హర్మూజ్ జలసంధి ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు. 2024లో రోజుకి దాదాపు 2 కోట్ల బ్యారెళ్ళ చమురు అందులోంచి పోయింది, ప్రపంచం వాడే దాంట్లో ఐదో వంతు. మన దేశంలో వంటకి వాడే గ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచే. ఆ దారి మూసుకుంటే జగిత్యాలలో మీ అమ్మ గ్యాస్ బండ కోసం వరసలో నిలబడాల్సి రావచ్చు.

కువైట్, ఖతార్, బహ్రెయిన్ పూర్తిగా ఆ జలసంధి లోపలే ఉన్నాయి. దుబాయ్ కూడా లోపలి వైపే. అక్కడ ఎవరున్నారో మీకు నేను చెప్పాలా? నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి నుంచి వెళ్ళిన మేస్త్రీలు, కూలీలు. కడప, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళు. మనలో చాలామంది ఇక్కడికి రాకముందు అక్కడ చేసినవాళ్ళమే. 2025 జూన్ 23న ఇరాన్ ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వేసింది. ఆ రాత్రి ఖతార్, కువైట్, బహ్రెయిన్, ఎమిరేట్స్ కాసేపు విమానాల రాకపోకలు ఆపేశాయి. ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ కలవక మీరు ఇక్కడ నిద్రపోలేదు. అదే రాత్రి ఇంకెవరో ఆ పందెం ధర పెరుగుతుందని సంబరపడి ఉంటాడు. మీరు ఆ ఇద్దరిలో ఎవరిగా ఉండాలనుకుంటున్నారు?

ఓడల మీద ఉన్నదీ మనలాంటి కూలివాళ్ళే. 2019 జూలైలో ఇరాన్ హర్మూజ్‌లో స్టెనా ఇంపెరో అనే ఓడను పట్టుకుంటే, అందులోని 23 మందిలో 18 మంది భారతీయులు. 2024 ఏప్రిల్‌లో ఎంఎస్‌సీ ఏరీస్‌ను పట్టుకుంటే, 25 మందిలో 17 మంది భారతీయులు. అదే ఏడాది మార్చిలో యెమెన్ దగ్గర ట్రూ కాన్ఫిడెన్స్ ఓడ మీద హౌతీల క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారు. వాళ్ళూ ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి, ఇంటికి జీతం పంపుకుందామని ఓడ ఎక్కినవాళ్ళే అయ్యుంటారు. "ఓడను పట్టుకుంటారా, అవునా కాదా" అని కాయడం అంటే, ఆ పిల్లవాడు బందీ అవ్వాలని మన డబ్బు కోరుకోవడం. మనం నోటితో అనకపోయినా మన జేబు అంటుంది.

అసలు ఎందుకు కాస్తున్నాం

వీళ్ళని తిట్టడానికి ఇది రాయడం లేదు. కారణాలు నాకు తెలుసు. కండోల అమ్మకాలు పడిపోయి సైట్లు ఆగాయి. చలికాలంలో గంటలు తగ్గాయి. ఊళ్ళో ఏజెంటు అప్పు వడ్డీ మాత్రం ఆగలేదు. ఎల్‌ఎంఐఏ పేరు చెప్పి ఇక్కడ వేలల్లో లాగినవాళ్ళున్నారు. ఇవన్నీ కలిసి, "ఒక్క దెబ్బకి తీరిపోతే బాగుండు" అనిపిస్తాయి. ఆ ఆశనే ఈ యాప్‌లు కొంటున్నాయి.

కానీ ఆ ఒక్క దెబ్బ కంటే ఖాయంగా వచ్చే డబ్బు మీకు ఇక్కడే ఉండొచ్చు. ఒక్కసారి చూసుకోండి.

ఒకటి. ఏజెంటుకి ఇక్కడ డబ్బు కట్టారా? ఆంటారియోలో విదేశీ కార్మికుల రక్షణ చట్టం ఉంది. యజమాని గానీ, ఉద్యోగం ఇప్పించేవాడు గానీ మీ దగ్గర ఉద్యోగం కోసం ఫీజు తీసుకోకూడదు, మీ పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోకూడదు. మొదట ఇళ్ళల్లో ఉండి పనిచేసేవాళ్ళ కోసం వచ్చిన ఈ చట్టం 2015 నవంబర్ నుంచి వలస కార్మికులందరికీ వర్తిస్తుంది. కట్టిన ఫీజు వెనక్కి ఇప్పించమని మూడున్నరేళ్ళ లోపు అడగొచ్చు.

రెండు. జీతం తక్కువ ఇచ్చారా, ఆఖరి వారం ఎగ్గొట్టారా, వెకేషన్ పే కనీసం 4 శాతం ఇవ్వలేదా? జీతం బాకీకి రెండేళ్ళ లోపు మినిస్ట్రీ ఆఫ్ లేబర్‌కి క్లెయిమ్ వేయొచ్చు. చాలా పనుల్లో వారానికి 44 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి. అడిగినందుకు పనిలోంచి తీసేస్తే అదీ చట్ట విరుద్ధమే. ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ సమాచార కేంద్రం నంబరు 1-800-531-5551. ఇంగ్లీషు రాదని ఆగకండి, దుబాసీని అడగండి.

మూడు. ఇప్పటికే పందెంలో ఇరుక్కుని ఉంటే, పోయిన డబ్బు మళ్ళీ రాబట్టుకోవడానికి ఇంకా పెట్టకండి. కనెక్స్ ఆంటారియో 1-866-531-2600కి చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, మీ సంగతి రహస్యంగా ఉంచుతారు. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడకండి. అప్పు దాస్తే పెరుగుతుంది. రూమ్మేట్లకి నా విన్నపం: అడిగినవాడికి చేబదులు ఇచ్చే ముందు, ఆ డబ్బు దేనికో ఒక్క మాట అడగండి. అది అనుమానం కాదు, వాడి మీద బాధ్యత.

కొందరు నన్ను, "అక్కా, మా డబ్బు మా ఇష్టం కదా" అంటున్నారు. మీ డబ్బు మీ ఇష్టమే. అందుకే అది ఎంత కష్టమో లెక్కేసి చూపించాను. 16 గంటల పనిని ఒక యుద్ధనౌక దారి మీద పెట్టే ముందు, మీకు ఇంకా రావలసిన 16 గంటల కూలి ఎవరి దగ్గరైనా ఉందేమో చూసుకోండి. పే స్లిప్పులు, పని గంటలు రాసుకున్న పుస్తకం, ఫోర్‌మన్ పంపిన మెసేజ్‌లు, ఏజెంటుకి డబ్బు పంపిన రసీదు, ఏవుంటే అవి పట్టుకుని రండి. కలిసి కూర్చుని క్లెయిమ్ నింపుదాం.